బాబాయ్‌కి ఎలా తెలుసు?

సినిమా పేజీ అచ్చుకు వెళ్లడానికి ఇంకా గంట ఉంది. పదకొండేళ్లుగా ‘బాబాయ్’ అనే పేరుతో సమీక్షలు రాస్తున్న ఆవిడ, ప్రూఫులో ఎర్రసిరా గీత చూసి నేరుగా ఎడిటర్ గదిలోకి వచ్చింది. బాబాయ్ ఆవిడేనని ఆ ఆఫీసులో వాళ్లిద్దరికే తెలుసు.

“‘పురిటినొప్పుల్లో ఎవరూ అంత అందంగా ఏడవరు, నాకు తెలుసు’ అని రాశాను. ‘నాకు తెలుసు’ ఎందుకు కొట్టేశారండీ?”

“బాబాయ్‌కి ఎలా తెలుస్తుందమ్మా?”

“ఇద్దర్ని కన్నాను. నాకు తెలీదా?”

“మీరు కన్నారు. బాబాయ్ కనలేదుగా!”

“అయితే ఈ వారం నుంచి నా పేరే వెయ్యండి. ఆడమనిషి రాస్తే ఎవరూ చదవరని, నాలుగు వారాలకని పెట్టిన పేరది.”

“అప్పుడు బాబాయ్ ఎవరో ఎవరికీ తెలీదు. ఇప్పుడాయన బాగుందంటే హాళ్లు నిండుతున్నాయి. ఆయన్ని ఎలా తీసేస్తాం?”

“ఆయనంటే నేనే కదండీ!”

“కాదన్నానా? పోనీ, ‘మా ఆవిడ చెప్పింది’ అని రాయండి. మీ వాక్యం ఉంటుంది.”

ఆవిడ కలం తీసి, పళ్లు బిగబట్టి, ఆ మూడు ముక్కలూ రాసింది.

“ఆ ఆవిడ పేరన్నా వెయ్యొచ్చా?”

“భలేవారే! ఇంట్లో ఆడవాళ్ల పేరు పేపర్లో వేస్తే బాబాయ్ ఊరుకుంటాడా?”