"ఇతరాలు" వాడిన నెట్

నా పేరు, చిరునామా పైన రాయించాను. వయసు ముప్పై ఎనిమిది. ఇంటి ముందు గదిలో ఆడవాళ్ల బట్టలు కుడతాను. పక్కనున్న చిన్న గదిలో కొలతలు తీసుకుంటాను.

మా ఇంట్లో అత్తగారు, బావగారు, తోడికోడలు, మా ఆయన, నేను. నెట్ మీద పెత్తనమంతా బావగారిది. నెల ప్యాకు ఇరవయ్యో తారీఖుకే అయిపోతోందని, ఎవరెంత వాడారో ప్రతి ఆదివారం పట్టీ రాసి ఫ్రిజ్‌కి అంటించేవారు. ఆఖరి వరుస "ఇతరాలు". అన్నిటికంటే పెద్ద అంకె దానిదే. అదేమిటని అడిగితే, "ముందు నీ మెడ డిజైన్ల వీడియోలు తగ్గించు" అన్నారు. నీ సిగ్గు నువ్వే చూసుకో అని, లెక్కలు చూపించే యాప్ నా ఫోన్లో కూడా ఎక్కించారు.

ఈ నెల పద్నాలుగు, మంగళవారం. అత్తగారు, తోడికోడలు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లారు. మగవాళ్లిద్దరూ ఆఫీసుల్లో ఉన్నారు. పదకొండూ ఇరవైకి ఒకావిడ కొలతలకి వచ్చింది. ఆవిడ గదిలో తలుపేసుకుని బట్టలు మార్చుకుంటుండగా బయట నేను యాప్ చూశాను. టీవీ ఆపి ఉంది. అయినా "ఇతరాలు" పెరుగుతోంది. ఆవిడ వెళ్లాక ఆగింది. నేను గదిలోకి వెళ్లాను, పెరిగింది. బయటికొచ్చాను, ఆగింది. మళ్లీ వెళ్లాను, మళ్లీ పెరిగింది.

ఆ గదిలో ప్లగ్గుకి తగిలించింది గోడ గడియారం ఒక్కటే. ఏడు నెలల క్రితం బావగారే తెచ్చి పెట్టారు. తాగిన గ్లాసు కడగని మనిషి, ప్రతి ఆదివారం దాని అద్దం తుడిచేవారు. కత్తెరతో వెనక మూత ఊడదీశాను. పన్నెండు అంకె వెనక కెమెరా ఉంది. ప్లగ్గు పీకేశాను.

నిమిషంలో ఫోన్ మోగింది. "ఏమ్మా, గడియారం ఆగిపోయిందా?" అన్నారు బావగారు, ఆఫీసు నుంచి. ఫోన్ పెట్టేశాను.

ఈ చేతులతోనే ఆ మనిషికి అన్నం వడ్డించాను. ఎన్నిసార్లు కడుక్కున్నా అసహ్యం పోవడం లేదు. ఇంకా గారు అంటున్నాను, అలవాటు. కంచే చేను మేసింది. పైగా మేత లెక్క మా నెత్తిన రుద్దింది.

రెండింటికి అత్తగారు వచ్చి, అంతా విని, "ఇంటి గుట్టు లంకకి చేటు. అది చెత్తలో పారేసి ఊరుకో" అన్నారు.

"ఇది ఇంటి గుట్టు కాదత్తయ్యా, నన్ను నమ్మి తలుపేసుకున్న ఆడవాళ్లది" అన్నాను.

కొలతల పుస్తకం తెరిచి చూపించాను. ఏడు నెలల్లో నూట పన్నెండు మంది. కిందటి నెల తీసిన అత్తగారి కొలతలు కూడా అందులో ఉన్నాయి. ఆవిడ చెప్పులు వేసుకుని నా వెంట స్టేషన్‌కి బయల్దేరారు.

పుస్తకంలో ఉన్న మిగతా ఆడవాళ్ల పేర్లు ఇందులో రాయవద్దని కోరాను. ఒక్కొక్కరి ఇంటికీ నేనే వెళ్లి చెబుతాను.

నేను చూసింది, చేసింది ఇంతే. చదివి వినిపించారు, సరిగ్గానే ఉంది.

(సంతకం)

సాక్షి: నిందితుడి తల్లి, ఎడమ బొటనవేలి ముద్ర