అన్నయ్య చూసిన పచ్చరాయి

పడుకోమనకురా మనవడా, పడుకుంటే నాకు ఊపిరాడదు. ఏమన్నావ్, పచ్చరాయి అసలుదో రంగేసిందో ఎలా తెలుస్తుందనా? మా అన్నయ్య ఉంటే చెప్పేవాడు. రాళ్ల బజారంతా ఆయన్ని భూతద్దం అనే పిలిచేది. రాయిని ఇలా వెలుతురుకి పెట్టి, "పుట్టు రంగు ఒళ్లంతా ఉంటుందిరా, పూసిన రంగు పగుళ్లలో దాక్కుంటుంది" అనేవాడు. తర్వాత స్పిరిట్‌లో ముంచిన దూదితో ఒక్క తుడుపు. దూదికి రంగంటిందా, అంతే సంగతులు, ఎదుట ఎవరున్నా మొహమాటం లేదు. సొంత బావమరిది తెచ్చిన రాళ్లనే మొహాన కొట్టి పంపాడు. వదిన నెల్లాళ్లు మాట్లాడలేదు, అది వేరే కథలే.

నేనా, నేను సానపట్టేవాణ్ణి. చేతిలో పనితనం ఉంది, బుర్రలో బుద్ధి లేదు. పగుళ్లున్న పాలిపోయిన రాళ్లు చవగ్గా తెచ్చి, ఆకుపచ్చ రంగు కలిపిన నూనెలో నానబెట్టేవాణ్ణి. అదీ బజార్లో ఎవరూ వాడని లవంగ నూనె. వదిన పంటినొప్పికని ఇంట్లో సీసాలకొద్దీ ఉండేది. పెద్ద తెలివనుకున్నా.

అలాంటిదొకటి చేతులు మారి మారి, ఓ టీచరమ్మతో ఆయన బల్ల మీదికే వచ్చింది. కూతురి ఉంగరానికి కొనేముందు చూపించుకుందామని తెచ్చింది. నేను పక్కనే ఉన్నా. తుడిచాడు. దూది పచ్చబడింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నా వైపు చూశాడా, చూడలేదు. అసలుది కాదంటే అది ఎవరి పనో బజారు ఆరా తీస్తుంది, నా బతుకు రోడ్డున పడుతుంది. దూదిని గుప్పిట్లో నలిపేసి, "రాయి మంచిదేనమ్మా, తీసుకోండి" అన్నాడు.

మర్నాడే తన భూతద్దాన్ని పెట్టెలో పెట్టేసి, రాళ్లు చూడడం మానేశాడు. ఎవరడిగినా చూపు ఆనడం లేదనేవాడు. పేపర్లో చీమతలకాయంత అక్షరాలు చదివే మనిషి. నన్ను ఒక్క మాటనలేదురా. "వాడికి ఇంకాస్త వడ్డించవే" అనేవాడు వదినతో. చెంప పగలగొట్టి ఉంటే పీడా పోయేది. పదహారేళ్లు అలాగే ఉండి, అలాగే పోయాడు.

పలకరింపుకి ఆ టీచరమ్మ వచ్చింది. కూతురికి వదులైందట, ఉంగరం ఆవిడ వేలికే ఉంది. "ఆయన మాట మీద కొన్నాను బాబూ. రంగు కాస్త వెలిసింది, వయసు మీద పడితే రాళ్లకూ ఇంతేనా?" అని చూపించింది. గాజుపెంకులా ఉంది. నిజం చెబితే నా పరువు పోతుందనా, అది ఉంటేగా. పోయేది ఆయన మాట. "ఇంతేనమ్మా, మా అన్నయ్య చూసిన రాయి కదా" అన్నా. ఆవిడ ఆ ఉంగరాన్ని కళ్లకద్దుకుంది.

ఆ కిటికీ మూసెయ్యి, దుమ్మొస్తోంది.