మీ తాతయ్య పది నిమిషాలు

ఉద్యోగం కాగితం వచ్చిందా? ఏదీ, ఇలా ఇయ్యి. కళ్ళజోడు అక్కర్లేదులే, చీకట్లో చీమ కాళ్ళు లెక్కపెట్టే చూపు నాది. ఏమని రాశారూ... సరే, నువ్వే చదువు, వీళ్ళ అక్షరాలు చీమ కాళ్ళకన్నా సన్నగా ఉన్నాయి. కౌన్సిలరా! తాగుడూ మత్తుమందులూ మాన్పించే సెంటర్లోనా! మీ అమ్మ ఏడ్చిందా? ఏడుస్తుంది మరి, నాన్న ఉద్యోగం తనని వదిలేసి కూతుర్ని పట్టుకుందని. నువ్వు పుట్టేనాటికే మీ తాతయ్య పోయి ఆరేళ్ళు. ఫోటోలో చూసుంటావు, ఫోటోలో ఏముంది, చొక్కా ఉంది. కూర్చో. మొత్తం చెప్పేదాకా లేవనివ్వను.

ఆయన పని రెండు రకాలు. పొద్దున సెంటర్లో మనుషుల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని వినడం. మధ్యాహ్నం బళ్ళకీ కాలేజీలకీ వెళ్ళి, తాగితే ఒంట్లో ఏమవుతుందో పిల్లలకి పాఠం చెప్పడం. ఆ పాఠానికి ఒక కాలేయం ఉండేది ఆయన దగ్గర. నిజంది కాదే, ప్లాస్టరుతో చేసింది. ఒకవైపు ఎర్రగా నున్నగా, రెండోవైపు నల్లగా గడ్డలు గడ్డలుగా. దాన్ని గుడ్డసంచిలో వేసుకుని బస్సెక్కేవాడు. ఒకసారి సంచి చిరిగి అది జనం కాళ్ళమధ్య దొర్లితే, కండక్టరూ డ్రైవరూ అందరూ దూకి పారిపోయారు. బస్సు ఒక్కటే రెండు మైళ్ళు వెళ్ళింది. నవ్వకు, నా కళ్ళతో చూశాను. అంటే, చూసినవాళ్ళు చెప్పారు. ఇంటికొస్తే అది భోజనాల బల్ల మీదే ఉండేది. మీ అమ్మ చిన్నప్పుడు దానికి బొమ్మ గౌను తొడిగి జోకొట్టేది.

ఇంక వినడం అంటావా, ఆయన ఎదురుగా కూర్చుంటే గోడలు కూడా నోరు విప్పేవి. ఓసారి ఒక లారీ డ్రైవరు, ఏడడుగుల మనిషి, ‘నన్ను తాగుబోతన్నవాడు ఎవడ్రా’ అంటూ గది తలుపు ఊడబెరికి చేత్తో పట్టుకుని మరీ లోపలికొచ్చాడట. ఈయన తలెత్తి, ‘ఎందుకండీ అంత బరువు, దాన్ని గోడకి ఆనించి కూర్చోండి’ అన్నాడట. గంట తర్వాత ఆ డ్రైవరే మేకులు తెప్పించి తలుపు బిగించి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళాడు. ఊళ్ళోవాళ్ళందరికీ ఆయన చెవులు అలా దొరికేవి. మరి నాకో? సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆ చెవులు నిండిపోయి ఉండేవి. ఏం చెప్పినా ‘ఊఁ’. కొంప అంటుకుందండీ అన్నా ‘ఊఁ’. పదకొండేళ్ళు, పిల్లా, నేను ఆ ఊఁతో కాపురం చేశాను.

శనివారాలు సెంటర్లో ఒక గంట ఇంట్లోవాళ్ళ కోసం ఉండేది. తాగేవాళ్ళ పెళ్ళామో, తల్లో, అన్నో చీటీ తీసుకుని వెళ్ళి ఆయనతో గోడు చెప్పుకోవచ్చు. ఒక శనివారం నేనూ మంచి చీర కట్టుకుని వెళ్ళి చీటీ తీసుకున్నాను. పదిహేడో నంబరు. చీటీలిచ్చే ఆవిడ నన్నెరుగును. ‘అయ్యో అక్కా, సారు కూడానా?’ అని నోటికి కొంగడ్డం పెట్టుకుంది. ‘ఏం చెప్పను తల్లీ, పీకలదాకా’ అన్నాను. సాయంత్రానికల్లా ఆయన పీపాలకి పీపాలు లేపేస్తున్నాడని ఊరంతా గుప్పుమంది.

లోపలికెళ్ళాను. ‘ఇక్కడికెందుకొచ్చావే’ అంటాడనుకున్నాను. అనలేదు. ‘రండమ్మా, కూర్చోండి’ అన్నాడు. నన్ను! మీరు అని! కలం మూత తీశాడు. ‘ఇబ్బందేంటో చెప్పండి.’ ‘మా ఆయనండీ. ఇంట్లో మాట్లాడడు.’ ‘ఎన్నాళ్ళనుంచి?’ ‘పదకొండేళ్ళండీ.’ ‘తిడతాడా?’ ‘తిట్టడానికైనా నోరు తెరవాలి కదండీ.’ అంతా రిజిస్టర్లో రాసుకున్నాడు. రాస్తూంటే పెదవి కొస వణికింది, నవ్వో ఏడుపో నేనింకా తేల్చుకోలేదు. తర్వాత ‘మీకేం కావాలమ్మా?’ అనడిగాడు. పెళ్ళయ్యాక నన్నెవరన్నా ఆ మాట అడిగారా? ఆగకుండా ఆడే ఈ నోరు, అప్పుడు మూతపడిపోయింది. ఎప్పటికో ‘ఆయనే కావాలండీ’ అన్నాను.

మరి మందేంటంటే, అందరికీ చెప్పేదే నాకూ చెప్పాడు. రోజూ ఒక వేళకి ఎదురెదురుగా కూర్చోవాలి. మధ్యలో అలారం గడియారం. పది నిమిషాలు ఒకరు, పది నిమిషాలు ఇంకొకరు. వినేవాళ్ళు వినడమే. సలహా చెప్పకూడదు, ఎదురు ప్రశ్న వెయ్యకూడదు, ఓదార్చనే కూడదు. ‘ఓదారిస్తే చెప్పేవాళ్ళు అక్కడితో ఆగిపోతారమ్మా’ అన్నాడు. ‘మా ఆయనకి మీరే చెప్పండి’ అంటే, ‘చెప్తాను’ అన్నాడు. చెప్పుకున్నాడు కూడా! ఆ సాయంత్రం చొక్కాయినా మార్చకుండా గడియారం తెచ్చి బల్లమీద పెట్టాడు. మొదటిరోజు నా పది నిమిషాల్లో పదకొండేళ్ళూ చెప్పేశాను, ఊపిరి తీసుకున్నట్టు గుర్తులేదు. ఆయన వంతు వస్తే మొదట్లో బస్సు ఆలస్యం, వాన, అంతే. పోనుపోను కాస్త కాస్తగా విప్పేవాడు. ఆ కళ్ళు నా మీదే ఉండేవి పది నిమిషాలూ. ఆ సాయంత్రాల కోసం పొద్దున్నుంచీ కాచుకుని కూర్చునేదాన్ని. ఇప్పుడూ ఆ వేళయ్యేసరికి నా కాళ్ళు వాటంతటవే బల్ల దగ్గరికి వెళ్తాయి.

అలా కొన్నేళ్ళు గడిచాయి. అప్పుడు ఒక దర్జీ ఉండేవాడు, ఆయన దగ్గర తాగుడు మానినవాడు. పదకొండు నెలలు ముట్టలేదు. చేతులు వణక్కుండా సూదిలో దారం ఎక్కించి చూపిస్తే ఈయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టేవాడు. ఆ దర్జీ ఒకరోజు పోయాడు. మళ్ళీ తాగి, రోడ్డు మీద పడి పోయాడు. ఆ సాయంత్రం ఆయన వంతు వచ్చేదాకా ఆగి మొదలుపెట్టాడు. ‘మొన్న మధ్యాహ్నం నా గది గుమ్మంలో నిలబడ్డాడు. మాట్లాడాలి సారూ అన్నాడు. నేను సంచి భుజాన వేసుకుంటున్నాను. బళ్ళో పిల్లలు నాకోసం కూర్చుని ఉన్నారు, రేపు రా అన్నాను. చేతులు వెనక్కి పెట్టుకుని ఉన్నాడు.’ చేతులు వెనక దాచుకుంటే వణుకుతున్నట్టే, వణుకుతుంటే మళ్ళీ మొదలైనట్టే. అది ఊరందరికీ నేర్పిన మనిషికి తెలీదా? ‘నేను చూశాను’ అన్నాడు. ‘చూసి కూడా నేను...’

అక్కడ. సరిగ్గా అక్కడ నేను నోరు తెరిచాను. ‘మీ తప్పేముందండీ, మీరేమన్నా కావాలని చేశారా’ అన్నాను. ఆయన ముఖం చూడలేక అన్నాను. ఆయన నావంక చూశాడు. కోపమేం లేదు. ‘ఊఁ’ అన్నాడు. గడియారంలో ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. ఆ నాలుగు నిమిషాలూ అలాగే ఎదురెదురుగా కూర్చున్నాం, నేను నాలుక కొరుక్కుంటూ. గంట మోగింది. లేచి, సంచిలోంచి ఆ కాలేయం తీసి తడిగుడ్డతో తుడుచుకున్నాడు.

తర్వాత మూడేళ్ళు బతికాడు. రోజూ కూర్చున్నాం. బస్సు గురించి చెప్పేవాడు, మీ అమ్మ చదువు గురించి చెప్పేవాడు. ఆ దర్జీ మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు. నేను అడగకూడదాయె. చూసి కూడా నేను... ఏంటి? డ్రైవరు లేకుండా బస్సు నడిపించేదాన్ని, మనిషిని ఏడడుగులు చేసేదాన్ని, ఆ ఒక్క వాక్యం పూర్తి చేయమంటే నాకు చేతకావట్లేదే. ఎన్ని మాటలు పెట్టి చూశానో. ఏదీ ఆయన గొంతులో పలకదు.

ఏంటి, దగ్గరికొస్తున్నావు? వద్దు, ఆ చెయ్యి తియ్యి. ‘నీ తప్పేముంది అమ్మమ్మా’ అంటావు, నాకు తెలుసు. అనకు. ఉండు. నా వంతు ఇంకా అవలేదు...