వసుంధర పేరున్న డబ్బా

"అమ్మమ్మగారూ, శ్రీరామనవమికి మా రూమ్మేట్స్‌కి కూడా పులిహోర పెట్టిచ్చారు కదా, ఆ డబ్బా తెచ్చాను. కడుగుతుంటే చూశాను, మూత మీద చుక్కలు చుక్కలుగా వసుంధర అని ఉంది. దాని కింద ఇంగ్లీషులో సింధు అని ఎవరో గీకారు. ఎవరండీ?"

రా హారికా, కూర్చో. ఆ కోటు అక్కడ తగిలించు. ఇటివ్వు డబ్బా... బరువుగా ఉందే? ఓహో, యాపిల్స్ వేసి తెచ్చావా! మీ అమ్మ బాగా పెంచిందమ్మా నిన్ను. ఒకరి గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదన్న సంగతి ఈ దేశం వచ్చాక చాలామంది మర్చిపోతారు. నువ్వు మర్చిపోలేదు. నువ్వడిగినదానికి జవాబు కూడా ఆ మాటలోనే ఉంది తల్లీ. తొందరేం లేదుగా? అసైన్‌మెంట్లు అవీ లేవుగా? సరే అయితే, విను.

ఈ డబ్బా తెనాలి గిన్నెల బజారులో కొన్నాం. నేనూ, మా తోడికోడలు శకుంతలా వెళ్ళి... కాదు కాదు, శకుంతల అప్పుడు పురిటికి వెళ్ళింది. మా ఆడపడుచు వచ్చింది నాతో. వసుంధర పెళ్ళి సామాను కోసం. అప్పట్లో స్టీలు తూకానికి అమ్మేవాళ్ళు, పేరు కొట్టడానికి అక్షరానికి ఇంతని వేరే తీసుకునేవాళ్ళు. కొట్టు ముందు ఒకాయన పీట మీద కూర్చుని టిక్కుటిక్కుమని చుక్కలు పెడుతుండేవాడు. "ఉత్త 'వసు' అని కొట్టించు వదినా, కలిసొస్తుంది" అంది మా ఆడపడుచు. నేను ఒప్పుకోలేదు. పిల్ల పేరు దగ్గరా పీనాసితనం? నిండుగా వసుంధర అని, ముందు చి.సౌ. అని కూడా పెట్టించాను. ఇదిగో ఇక్కడ, అరిగిపోయింది గానీ వేలు పెట్టి చూడు, తగులుతుంది.

వసుంధర మా పెద్దమ్మాయి. సింధు దాని కూతురు, నా మనవరాలు, నువ్వు చూడలేదులే, ఇప్పుడు బోస్టన్ వైపు ఉంటోంది. రమణ నీకు తెలుసుగా, ఇందాక తలుపు తీసింది, వాడు మా తమ్ముడి కొడుకే, మేనల్లుడే అల్లుడయ్యాడు. మొదటినుంచీ తక్కువ మాటల మనిషి. వసు పోయాక ఆ తక్కువ కూడా తగ్గింది.

జబ్బు చేసింది. ఆ సంగతి వద్దులే. సింధు అప్పటికి ఎయిత్ గ్రేడు. నాకు గ్రీన్‌కార్డు వేసింది వసూయే, "అమ్మా, నా దగ్గరకొచ్చి ఉందువుగాని" అని. నేను వచ్చి దిగేసరికి పిలిచిన మనిషి లేదు.

సింధుని ఐసు మీద నిలబెట్టింది కూడా వసూయే. ఇక్కడికి దగ్గర్లో రింకు ఒకటుంది, ఐసు మీద స్కేటింగ్ చేసే చోటు, ఎవరి పిల్లదో బర్త్‌డేకి తీసుకెళితే ఇది ఐసు మీంచి దిగనని ఏడ్చిందిట. అప్పట్నుంచి తెల్లారకముందే లేపి, కార్లో హీటరు పెట్టి, దుప్పటి కప్పి తీసుకెళ్ళేది. తల్లి ఉన్నన్నాళ్ళూ సింధు ఐస్ హాకీలో ముందుకు దూసుకెళ్ళి గోల్స్ వేసే పిల్లమ్మా. తల్లి పోయాక, నన్ను గోలీగా పెట్టండని కోచ్‌ని అడిగిందిట. గోలీ అంటే వలకి అడ్డంగా నిలబడే మనిషి. పక్ అని నల్లటి బిళ్ళ ఉంటుంది, అది వలలోకి పోకుండా ఆపాలి. కాళ్ళకి పరుపుల్లాంటి ప్యాడ్స్, ముఖానికి ఇనప కమ్ముల ముసుగు. ఎందుకే ఆ దెబ్బలు తినే పని అంటే చెప్పేది కాదు. నాకు అర్థమైంది. ఆ ముసుగు వేసుకుంటే దాని ముఖం ఎవరికీ కనపడదు.

ఇంట్లో వసు పేరు ఎవరం ఎత్తేవాళ్ళం కాదు. రమణ ఎత్తడు, పిల్ల ఎత్తదు, వాళ్ళ ముందు నేనూ ఎత్తను. దీపం పెట్టుకుని నాలో నేను అనుకునేదాన్ని. ఆ పేరు పైకి కనిపించేది ఈ డబ్బాల మీదే.

పెద్దదయ్యాక అది పైన మంచు ఊళ్ళో కాలేజీలో చేరింది. ఆడపిల్లల ఐస్ హాకీ టీముంది అక్కడ. నేను చెప్పేది దాని ఆఖరి ఏడాది. అందరికీ ఉద్యోగాలు ఊడుతున్న చలికాలం, మా కాంప్లెక్సు ముందు రోజూ ఎవరిదో ఒకరి సామాను ట్రక్కు ఎక్కేది. రమణకి నిలబడింది, భగవంతుడి దయ. శనివారం ఆట ఉంటే నేనూ వాడూ కారేసుకుని బయలుదేరేవాళ్ళం. నేను చీర మీద కోటు, కోటు మీద శాలువా, రెండేసి సాక్సులు. ఆట మొదలవగానే కళ్ళు మూసుకుని సహస్రనామం చదువుకునేదాన్ని.

"అమ్మమ్మా, కళ్ళు మూసుకుంటే నేను ఆపినవి ఎట్లా చూస్తావు?" అనేది.

"చూసేవాడు చూస్తాడులే, నువ్వు ఆపు" అనేదాన్ని.

ఆ ఏడాది మొదటి ఆటకి ఈ డబ్బా నిండా పులిహోర కలిపి పట్టుకెళ్ళాను. టీము పిల్లలు ఎగబడి తిన్నారు, కారం కారం అంటూ నీళ్ళు తాగుతూనే. ఆ రోజు గెలిచారు. మేగన్ అని కెప్టెన్, పొడుగ్గా, నవ్వితే పళ్ళ మధ్య సందు కనిపిస్తుంది, ఆ పిల్ల ఖాళీ డబ్బా పైకెత్తి, ఇవాళ బాగా ఆడింది నువ్వని ఒకమ్మాయి చేతిలో పెట్టింది. సింధు నవ్వి, "మా ఇంట్లో గిన్నె ఖాళీగా తిరిగివ్వం" అందిట. అంతే, అది వాళ్ళకి ఆనవాయితీ అయిపోయింది. గెలిచినప్పుడల్లా డబ్బా ఉన్న పిల్ల అందులో ఏదో ఒకటి నింపి, ఆ రోజు ఎవరు గొప్పగా ఆడారనుకుంటే వాళ్ళకి చేతికిచ్చేది.

"ఈవారం డబ్బా ఎవరికే?" అని ఫోన్లో అడిగేదాన్ని.

"ఎమిలీకి అమ్మమ్మా. ఓట్‌మీల్ కుకీలు పెట్టిచ్చారు." ఇంకోవారం ఇంకొకళ్ళ పేరు. ఒకమ్మాయి ఉత్త చిప్స్ పోసిస్తే అందరూ ఏడిపించారుట. అందరి చేతికీ వెళ్ళింది. సింధుకి మాత్రం రాలేదు.

ఈవారం వస్తుందిలే, పైవారం వస్తుందిలే అనుకున్నాను. ఒక ఆటలో, నేను కూడా కళ్ళు తెరిచి చూశాను ఆ రోజు, అవతలివాళ్ళు కొడుతూనే ఉన్నారమ్మా. ఇది మోకాళ్ళ మీద పడి, పక్కకి దొర్లి, మెడకి తగిలినా లేచి ఆపుతూనే ఉంది. ఇవతల ఒక పిల్ల ఒక్క గోల్ వేసింది, గెలిచారు. డబ్బా ఆ పిల్లకే వెళ్ళింది. సింధు లావుపాటి గ్లవ్స్‌తోనే చప్పట్లు కొట్టింది. ముసుగు తియ్యలేదు.

తిరిగొచ్చేటప్పుడు రమణ చాలాసేపటికి నోరు తెరిచి, "అత్తయ్యా, ఆ డబ్బా అడిగి తెచ్చేసుకుందాం. అది మనది" అన్నాడు. మర్నాడు పిల్లతో అదే అన్నాను.

"వద్దు అమ్మమ్మా, ప్లీజ్. అడగొద్దు. ఆపినవి ఎవరికీ గుర్తుండవు అమ్మమ్మా. లోపలికెళ్ళినవే గుర్తుంటాయి. నాకింక చాలు. సీజనైపోగానే ప్యాడ్స్, స్కేట్స్ అన్నీ ఎవరికైనా ఇచ్చేస్తా."

వాళ్ళమ్మ నిలబెట్టిన ఐసు అది. అదొక్కటే మిగిలింది పిల్లకి తల్లి దగ్గర్నుంచి. అదీ వదిలేస్తానంటోంది. ఆ పూట పూజలో సహస్రనామం సగంలో ఆపేసి లేచాను.

సీజనయ్యాక కాలేజీ వాళ్ళు భోజనాలు పెట్టారు. పెద్ద హాలు, గుండ్రటి బల్లలు, తెల్లటి గుడ్డలు. పిల్లలందరూ గౌనులేసుకుని వస్తే ఎవరెవరో పోల్చుకోలేకపోయాను. నేను పట్టుచీర కట్టుకున్నాను. నాకు పనికొచ్చేవి బ్రెడ్డూ ఆకులూ తప్ప ఏం లేవనుకో, అది వేరే సంగతి. చివర్న కోచ్ లేచి, ఏడాది మొత్తానికీ మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్ ఎవరో చెప్పింది. పిల్లలే ఓట్లేసుకుంటారుట. మేగన్‌కి వచ్చింది. న్యాయమేనమ్మా, గోల్స్ ఎక్కువ వేసింది ఆ పిల్లే, టీముని నడిపించిందీ ఆ పిల్లే. సింధు అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టింది. నిజంగానే కొట్టింది, నాకు తెలుస్తుందిగా. కానీ కూర్చున్నాక చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

మేగన్ కప్పు తీసుకుని కూర్చోలేదు. కప్పు బల్ల మీద పెట్టేసి, బల్ల కిందనుంచి ఈ డబ్బా తీసింది.

నాకు ఆ పిల్లల ఇంగ్లీషు అందదు. రమణ చెవిలో చెబుతున్నాడు. "మాకు ఇంకో ప్రైజు కూడా ఉంది అంటోంది అత్తయ్యా. టీములో అందరికీ వచ్చింది, ఒక్క సింధుకి తప్ప అంటోంది. ఎందుకు రాలేదో తనకి తెలుసనే అనుకున్నాం, తెలీదని మొన్ననే తెలిసింది అంటోంది."

అక్కడ ఆగిపోయాడు.

"తర్వాతేమందిరా?" అన్నాను. వాడు ముందుకే చూస్తున్నాడు. అప్పుడు నాకే వినపడింది. ఆ తెల్లపిల్ల మైకులో "వాసు" అంటోంది. పలకటం కాస్త తేడాగా, సాగదీసి. కానీ అదే పేరు. అంతమంది కొత్తవాళ్ళ మధ్య నా కూతురి పేరు.

తర్వాత రమణే చెప్పాడు అంతా. మొదటిరోజే పిల్లలు ఈ చుక్కలేంటని అడిగారుట. మా అమ్మ పేరు అందిట సింధు. అని ఊరుకోలేదు. చీకటితో లేపటం, కారులో దుప్పటి కప్పటం, రింకు బయట చేతులు రుద్దుకుంటూ నిలబడటం, అన్నీ చెప్పిందిట. మా దగ్గర ఒక్కనాడూ ఎత్తని పేరు, వాళ్ళ దగ్గర చెప్పుకుంది. ఆ పిల్లలు ఆ డబ్బాకి వసు అనే పేరు పెట్టుకున్నారు. గెలిచినప్పుడల్లా ఇవాళ వసు ఎవరికి, ఇవాళ వసు ఎవరికి అని ఒకళ్ళనొకళ్ళు అడిగేవాళ్ళుట. "సింధుకి వసుని మేం ఎట్లా ఇస్తాం? వసు వాళ్ళమ్మ. మాకు ఇచ్చేదే సింధు" అంది మేగన్.

చూశావా హారికా. మేమేమో పిల్లని లెక్కలోకి తీసుకోవట్లేదని ఉడికిపోతున్నాం. వాళ్ళేమో వేరే లెక్కలో ఉన్నారు.

ఆటల కప్పుల మీద గెలిచినవాళ్ళ పేర్లు చెక్కిస్తారుగా ఇక్కడ. అంతమంది చేతులు మారినా ఈ మూత మీద ఒక్కళ్ళూ తమ పేరు రాసుకోలేదు. సింధు పేరొక్కటే, వసుంధర కింద, మేగనే చెక్కింది. వంకర్లు పోయింది చూడు ఆ డి అక్షరం. చెక్కి, ఖాళీగా ఇవ్వకూడదని అందరూ కలిసి వాళ్ళుండే డార్మ్‌లో పులిహోర చేసి నింపారు. పసుపు ఎంత పోశారో, తిన్నవాళ్ళ వేళ్ళన్నీ పచ్చన.

సింధు ఒక ముద్ద తిని, "అమ్మమ్మా, వీళ్ళు ఉప్పు వెయ్యలేదు" అని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ముసుగు లేదు, అంతమంది ముందు, ముఖం దాచుకోకుండా ఏడ్చింది. నేను ఊరుకోబెట్టలేదు.

కారులో వెనక్కొస్తుంటే ఈ డబ్బా నా ఒళ్ళో ఉంది. చాలా దూరం వచ్చాక రమణ అన్నాడు, రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండానే, "వసు అయితే ఇంగువ ఇంకాస్త వేసేది అత్తయ్యా" అని.

ఎన్నేళ్ళకో తల్లీ, ఆ నోట్లోంచి ఆ పేరు.

వెనక సీట్లోంచి సింధు, "అమ్మ జీడిపప్పు వేసేది కాదు కదా నాన్నా, పల్లీలే కదా?" అంది. "పల్లీలే. నీకు మాత్రం ఏరి ఎక్కువ పెట్టేది" అన్నాడు. ఇంక ఇల్లొచ్చేదాకా అదే. అమ్మ అట్లా అనేది, అమ్మ ఇట్లా చేసేది... నేను మూత మీద చెయ్యి వేసుకుని వింటూ కూర్చున్నాను.

ప్యాడ్స్ ఎవరికీ ఇవ్వలేదులే. ఆదివారాలు చిన్నపిల్లలకి గోలీ నేర్పుతోంది ఇప్పుడు. ఆపిన ప్రతిదానికీ పిల్లల్ని పేరు పెట్టి మెచ్చుకుంటుందిట.

ఉండు, లేవకు. సున్నుండలు చేశాను పొద్దున, ఈ డబ్బాలోనే పెట్టిస్తాను. మళ్ళీ తెస్తావుగా, అదే నాకు కావాల్సింది. ఇటురా, బొట్టు పెట్టనీ. పరాయి ఊళ్ళో చదువుకుంటున్నావు... నీ పేరు నోరారా పిలిచేవాళ్ళు ఎప్పుడూ నీ చుట్టూ ఉండాలమ్మా. చల్లగా ఉండు. మూత గట్టిగా పట్టుకో, కొంచెం వదులుగా ఉంటుంది, వసు ఉన్నప్పటినుంచీ అంతే అది...