ప్రశ్న గుర్తు పెట్టిన గుండ్రం

హలో… ఆ, నేనే, కల్యాణిని. నమస్తే వెంకట్రాం సార్. మా తండాలనే ఉన్న.

…

రాసిన సార్. మన వైద్య పరిశోధన ఉపన్యాసాల చరిత్ర. రేపు జనగామ సభల నేనే చదువుత. మీరు మొదలువెట్టిన కాడినుంచే… ఆ, లైబ్రరీ హాలు. గుండె మీద చెప్పుమని అంత పెద్ద డాక్టర్‌ను తోలుకొస్తే, జనం కన్న కుర్చీలే ఎక్కువున్నయి గద.

…

నవ్వకుండ్రి, గది సుత రాసిన. భూపాలపల్లిది సుత. బొగ్గు దుమ్ము గురించి గంటసేపు చెప్పినంక, బొగ్గు బాయిల పనిచేసే కొండలన్న లేశి, "సారూ, ఇంతకు నా దగ్గు తగ్గుతదా, తగ్గదా?" అన్నడు సూడుండ్రి… ఆ. అప్పటిసంది జనం అడిగేది ముందట, డాక్టర్ చెప్పేది ఎన్క. మన ఉపన్యాసాలకు పానం వచ్చిందే ఆడ.

…

ఒక్కకాడ మాత్రం సార్… మా తండా ఉపన్యాసం కాడికి వచ్చి చెయ్యి ఆగింది.

…

మంచిగనే అయ్యింది, కాదంటలేను. వంశంల వచ్చే ఆ రక్తం రోగం, తలసేమియా గురించి అంత సాఫ్‌గ మాకు ఎవ్వరు చెప్పలే. కని తెర మీద మా ఇంటి వంశవృక్షం గీసి చూపిచ్చిన్రు గద…

…

పేర్లు లేవు, నిజమే. తండాల పేర్లెందుకు సార్? ముగ్గురన్నదమ్ములు. నడిపాయనకు ఒక్కతే బిడ్డ. చిన్నాయన కొడుకు నెలనెలా రక్తం ఎక్కిచ్చుకుంట ఎక్కిచ్చుకుంటనే పోయిండు… మేకలు కాసేటోడు సుత చెప్తడు, గిది చందూలాల్ ఇంటోళ్ళదని. డాక్టర్ సార్ చెప్తనే ఉండు, జనం ఆ నడిపాయన, మా చందూలాల్ కాక దిక్కు మర్రి చూస్తనే ఉన్నరు.

…

మగోళ్ళకు డబ్బ, ఆడోళ్ళకు గుండ్రం. కాక బిడ్డ పూజ గుండ్రంల ప్రశ్న గుర్తు. అప్పటికి దానికి పరీక్ష కాలే.

…

తర్వాత చేపిచ్చినం సార్! ఏం లేదని తేలింది. ఆ గుర్తు మాత్రం ఎవ్వరు తుడువలే.

…

నెల్లికుదురు సంబంధం అందుకే పోయింది, మీకు తెల్వదు. మాకాడ బెల్లం పంచుకున్నమంటే మాట అయినట్టే. పంచుకున్నంక ఎన్కకు పోయిన్రు. రిపోర్టు చూపెడితే, "కాగితం ఇంగ్లీషుల ఉంది, బొమ్మ మా కండ్లతోని చూసినం" అన్నరు.

…

కోపమా? ఉంది. మీ మీద సుత ఉంది. మీకాడ చదువుకున్నదాన్ని గాబట్టి నోరు మూసుకున్న.

…

వద్దు సార్, క్షమించుడు కాదు. ఒక్కటే అడుగుత. రేపు ఆ బొమ్మ చూపియ్యకుండ్రి. ఇయ్యాల పూజకు మళ్ళ సంబంధం వస్తుంది, మొగుళ్లపల్లి దిక్కుసంది. ఏం దాయలే. మా ఇంట్ల రోగం సంగతి చెప్పినం, రిపోర్టు ఇచ్చినం, పిల్లగాడు ఒప్పుకున్నడు. పళ్ళెంల బెల్లం పెట్టి ఎదురుచూస్తున్నం. పిల్ల మొఖంల ఎన్నాళ్ళకో కళ వచ్చింది సార్…

…

చూపియ్యరు? సచ్చి మీ కడుపున పుడ్త సార్…

…

మరెందుకట్ల నసుగుతున్నరు? చెప్పుండ్రి.

…

ఏ ఆహ్వానం? రేపటి సభదా? … ఫోన్ల పంపిన్రా? దాని మీద ఏం బొమ్మ వేసిన్రు?

…

సార్. పాతదేనా? ప్రశ్న గుర్తుతోనే?

…

మూడు జిల్లాల వాట్సాప్ గ్రూపులకు… అందరికి…

…

ఇప్పుడు తీసేస్తే ఏం లాభం సార్? పోయిన కాడికి పోనే పోయింది.

…

ఉండుండ్రి — ఆటో ఆగింది. వచ్చిన్రు.

…

కాక కాళ్ళకు నీళ్ళిస్తుండు… పిల్లగాని తండ్రి చెంబు అందుకుంటలేడు. ఫోన్ తీసిండు… కాకకు చూపెడుతుండు…

…

మీరిప్పుడు మాట్లాడితే ఎవలింటరు సార్? ఆగుండ్రి…

…

గుండ్రం మీద ఏలు పెట్టి, "గిది ఎవలు?" అంటుండు. కాక తల కిందికేసిండు…

…

పూజ బయటికొచ్చింది సార్. "గది నాదే" అన్నది. అందరి ముందట.

…

పెట్టేస్తున్న. నేను పోయి దాని పక్కకు నిలవడాలె.