ఏనుగు కోసం లేపిన షట్టర్

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద, మెట్రో వంతెన నీడ పడే వైపున దంతవైద్యులు ఉమాకాంత్ గారి దవాఖానా ఉంది. దానిని ఆనుకునే రాములు చాయ్ దుకాణం. ఆదివారాల్లో దవాఖానాను మధ్యాహ్న భోజనం వేళకు మూసేస్తారు, మళ్లీ సోమవారమే తెరుస్తారు. ఆ ఆషాఢమాసపు ఆదివారం కాంపౌండరు కరుణాకర్ షట్టర్‌ను సగానికి దించి లోపల నేల తుడుస్తుండగా, ఒక మనిషి వంగి దాని కిందుగా లోపలికి వచ్చాడు. పేరు మాసయ్య. డప్పు వాయిస్తాడు.

"జర ఈ పన్ను పీకేయుండ్రి సారూ. పొద్దుగూకితే అంబర్‌పేట్‌ల బోనాల కాడ మా డప్పులున్నయ్. ముందట దరువు ఎత్తుకునేటోణ్ని నేను. నేను తప్పితే వెనుకటోళ్లంత ఆగమైతరు. డప్పు మీద పుల్ల పడుడుతోనే ఈడ దవడల మోగుతున్నది."

ఉమాకాంత్ గారు కాదనలేదు. వెంటనే సూది వేశారు. దవడ మొద్దుబారేదాకా రోగిని బయట బెంచీ మీద కూర్చోబెట్టడం ఆయన పద్ధతి. తామూ వచ్చి పక్కన ఆసీనులై, చాయ్ తాగుతూ నాలుగు మాటలు సెలవివ్వడం ఆయన అలవాటు. బెంచీ మీద అప్పటికే నేనూ, బ్యాంకులో ఆఫీసరుగా రిటైరైన ప్రహ్లాద్ గారూ ఉన్నాం.

"మూసే వేళకు వచ్చానే అని మొహమాటపడకు మాసయ్యా," అంటూ ఆయన సాసరును మోకాలి మీద నిలబెట్టుకున్నారు. "ఆ వేళకు వచ్చినవాణ్ని రేపు రమ్మన్న పాపం నా ప్రాక్టీసులో లేదు. ఇది గొప్ప కాదు ప్రహ్లాద్ గారూ, కేవలం సమాచారం. వెనకటికి నల్లకుంట నుంచి ఒక పహిల్వాన్ వచ్చాడు, ఇలాగే షట్టర్ సగం దిగి ఉంది, భుజాలు పట్టక పక్కకు తిరిగి దూరాడు, కుర్చీలో కూర్చుని 'డాక్టర్ సాబ్, నాకు సూది అంటే భయం, జర చెప్పి మొదలుపెట్టండి' అన్నాడు. సరేనన్నాను. నా సూది సంగతి మీకు తెలియనిది కాదు, ఒకసారి వేస్తే మనిషి తన పెదవి ఎక్కడుందో అద్దంలో వెతుక్కోవాలి. పహిల్వాన్ కళ్లు గట్టిగా మూసుకుని 'ఎప్పుడు మొదలుపెడుతున్నారు?' అని అడుగుతూనే ఉన్నాడు. పన్ను అప్పటికే ట్రేలో పడుకుని విశ్రాంతి తీసుకుంటోంది."

"ఇంతవరకైతే నమ్మొచ్చు," అన్నారు ప్రహ్లాద్ గారు.

"హూఁ," అన్నాడు మాసయ్య. అతని కింది పెదవి అప్పటికే ఒక పక్కకు జారింది.

"చూశారా, మందు పట్టుకుంది. మరికొంచెం లోతుకు పోనిద్దాం. ఇంతకూ ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ పహిల్వాన్ నల్లకుంట మార్కెట్‌లో నిలబడి, 'ఉమాకాంత్ డాక్టర్‌ది గొప్ప హస్తవాసి, కాకపోతే అది షట్టర్ సగం దిగిన తరువాతనే పనిచేస్తుంది' అని ప్రకటించాడు. ఇక నా పరిస్థితి ఆలోచించండి. పొద్దంతా కుర్చీ ఖాళీ. ఎదుటి ఫుట్‌పాత్ మీద మాత్రం జనం, దవడలు పట్టుకుని, నొప్పిని పళ్లబిగువున భరిస్తూ, నేను షట్టర్ ఎప్పుడు దించుతానా అని కనిపెట్టుకుని ఉన్నారు. నేనే వెళ్లి 'లోపలికి దయచేయండి' అని బతిమాలినా, 'తొందరేమీ లేదు సార్, మూసే టైముకు వస్తాం' అంటారు. చివరికి గత్యంతరం లేక, పొద్దున దవాఖానా తెరవడమే సగం తెరిచాను. అంతే, మూసేస్తున్నారు మూసేస్తున్నారు అంటూ పరుగెత్తుకొచ్చారు."

"గది నేను గూడ చేస్త సార్," అన్నాడు రాములు పాలు కలియబెడుతూ. "ఇగ ఇదే ఆఖరి చాయ్ అంటె గిరాకి ఎగబడతది."

"నీ దగ్గర ఎగబడతారు, నా దగ్గర బారులు తీరారు, అదీ తేడా. ఆ వరస ఇక్కడ మొదలై, నారాయణగూడ చౌరస్తా దాటి, హిమాయత్‌నగర్ వైపు తిరిగి, మళ్లీ ఇక్కడికే వచ్చింది, దాంతో చివరివాడు ఎవరో మొదటివాడు ఎవరో తెలియక నేనే మధ్యలోంచి పిలవవలసి వచ్చింది. అశోక్‌నగర్ హాస్టళ్ల నుంచి వచ్చిన పిల్లలు వరసలో నిలబడే గ్రూప్స్‌కు చదువుకున్నారు. ఒక అబ్బాయి వరసలో చేరినప్పుడు నిరుద్యోగి, నా కుర్చీ దాకా వచ్చేసరికి డిప్యూటీ కలెక్టర్. 'నాకు ఆఫీసుకు ఆలస్యమవుతోంది, కాస్త తొందరగా చూడండి' అన్నాడు."

"పరీక్ష ఎప్పుడు రాసిండు మరి?" అడిగారు ప్రహ్లాద్ గారు.

"వరసలోనే రాశాడు. ఇన్విజిలేటరుకూ పన్ను నొప్పే."

కరుణాకర్ షట్టర్ కిందనుంచి తల బయటపెట్టాడు. "సార్, ఆయనను లోపటికి తోలమంటరా?"

"ఒక్క క్షణం కరుణాకర్. మందు పనిచేస్తుండగా తొందరపడటం శాస్త్రం కాదు."

మాసయ్య చెయ్యెత్తాడు. "హా... హారూ..."

"మాట్లాడకు మాసయ్యా, మందు చెదురుతుంది," అని ఉమాకాంత్ గారు ఆ చేతిని ఆదరంగా కిందికి దించారు. "అక్కడితో ఆగిపోతే నేను ఇదంతా మీకు మనవి చేసే పనే లేదు. ఒకనాడు హిమాయత్‌నగర్‌లో పెళ్లికి ఈ రోడ్డు మీదుగా బరాత్ వెళుతోంది. సరిగ్గా నేను షట్టర్ మీద చెయ్యి వేసేసరికి గుర్రం మీది వరుడు 'అమ్మా' అన్నాడు. జ్ఞానదంతం. ముహూర్తం ముంచుకొస్తోంది, దిగవయ్యా అంటే, గుర్రం ఎక్కిన వరుడు మంటపం చేరేదాకా నేల మీద కాలు పెట్టరాదట, అది వారి ఇంటి ఆచారం. ఆచారాన్ని కాదనడానికి మనమెవరం? షట్టర్ ఇంకొంచెం లేపించాను. గుర్రం లోపలికి వచ్చింది. చాలా మర్యాదస్తురాలు ప్రహ్లాద్ గారూ, గుమ్మం దగ్గర ఆగి నాలుగు కాళ్లూ గోనెపట్టా మీద తుడుచుకుని మరీ వచ్చింది. నేను కుర్చీని ఎంత లేస్తే అంత లేపి, దాని మీద నిలబడి, వరుడికి సూది వేశాను. అప్పుడు ఒకే ఒక్క చుక్క జారి గుర్రం వెనకకాలి మీద పడింది. తెలుసు కదా నా మందు? ఆ కాలు ఉందన్న సంగతే అది మరిచిపోయింది. మిగిలిన మూడు కాళ్ల మీద ఎగురుతూ, నాలుగో కాలును గాలిలో ఆడిస్తూ బయటికి నడిచింది. మగపెళ్లివారు అదేదో కొత్త స్టెప్పు అనుకుని తామూ ఒంటికాలి మీదే ఆడారు. ఈనాటి బరాత్‌లలో కుర్రవాళ్లు ఒక కాలెత్తి ఎగురుతున్నారంటే, దానికి మూలం ఎక్కడుందో ఇప్పటికైనా గ్రహించండి."

"వామ్మో!" అన్నాడు రాములు, అడగకుండానే రెండో విడత చాయ్ పోస్తూ.

"సా... సారూ. సూది..." అన్నాడు మాసయ్య.

"అవును, సూదే! మహిమ అంతా సూదిలోనే ఉంది. మీకంటే ఇతనికే విషయం బాగా అందింది."

మాసయ్య బెంచీ చెక్క మీద చూపుడువేలితో మెల్లగా ఒక దెబ్బ వేసి చూసుకున్నాడు. ముఖం చిట్లించి, అరచేత్తో దవడను అదుముకున్నాడు. సూర్యుడు వంతెన దాటి అవతలి వైపుకు వాలుతున్నాడు. అతను ఒకసారి అటు చూశాడు, ఒకసారి షట్టర్ వైపు చూశాడు.

"సార్, అమ్మగారు ఫోన్ చేసిండ్రు. అన్నం చల్లారుతున్నదంట," అని లోపలి నుంచి కరుణాకర్ గొంతు. "మిషన్లు బంద్ చేయమంటరా, ఉంచమంటరా?"

"ఇదిగో వస్తున్నానని విన్నవించు. అసలైనది ఇంకా చెప్పనే లేదు." ఉమాకాంత్ గారు కళ్లద్దాలు తుడుచుకుని తిరిగి పెట్టుకున్నారు. "ఇలాగే ఆషాఢం. ఊరేగింపు ముగించుకుని తిరిగిపోతున్న ఏనుగు, నేను షట్టర్ దించుతుండగా సరిగ్గా ఇక్కడ నిలబడిపోయింది. మావటి ఎన్ని విధాల బతిమాలినా కదలదు. కంట నీరు. నోరు తెరిచి చూపించింది, కింది దవడలో పిప్పిపన్ను. మూసే వేళకు వచ్చినవాణ్ని పంపించలేదు కదా, ఏనుగును పంపిస్తానా? షట్టర్ మొత్తం లేపించాను. అంతకంటే లేపాలంటే పై అంతస్తువారిని ఖాళీ చేయించాలి. అయినా పట్టలేదు. రోగి దవాఖానాలోకి రాలేనప్పుడు దవాఖానాయే రోగిలోకి పోవాలన్నది నా సిద్ధాంతం. తలకు లైటు కట్టుకుని, స్టూలు చంకన పెట్టుకుని, ఏనుగు నోట్లోకి నడిచాను. విశాలమైన గది. గాలీ వెలుతురూ కొంచెం తక్కువే గానీ, అశోక్‌నగర్‌లో అయితే మంచాలు వేసి హాస్టల్‌కు కిరాయికి ఇచ్చేవారు."

"అటాచ్డ్ బాత్‌రూమ్ ఉన్నదా సాబ్?"

"ప్రహ్లాద్ గారూ, వైద్యం దగ్గర పరిహాసం తగదు. నేను లోపల ఉండగా రాములు చాయ్ కూడా అక్కడికే తెచ్చి ఇచ్చాడు."

"నేనా? నాకైతే యాదికి లేదు సార్."

"ఎలా ఉంటుంది? కళ్లు మూసుకుని తెచ్చావు. సరే, ఇక మందు. మామూలు సూది దానికి దోమకాటు. నీళ్ల ట్యాంకరు తెప్పించి, దాని నిండా మందు కలిపించి, గొట్టానికి సూది బిగించి వేశాను. ఏనుగు మొద్దుబారింది. కానీ పన్ను కదలదు. ఇదిగో, ఈ రాములు పొయ్యి దిమ్మె అంత ఉంది. పట్టకారుకు అందదు. అప్పుడేమైందో తెలుసా? పైన మెట్రో రైలు వచ్చి ఆగింది. డ్రైవరు తొంగిచూసి 'డాక్టర్ గారూ, ఇంకా తెరిచే ఉందా? నాదీ ఒక పన్నుంది' అన్నాడు. 'నిన్ను తరువాత చూస్తాను నాయనా, ముందు ఈ మోకు అందుకో' అన్నాను. ఒక కొస పన్నుకు, ఒక కొస రైలుకు. తలుపులు మూసుకున్నాయి. రైలు నారాయణగూడ వైపు కదిలింది. మోకు బిగిసింది. టప్పుమని పన్ను ఊడి, ఆకాశానికి లేచి, హిమాయత్‌నగర్ మీదుగా పోయి పోయి హుస్సేన్‌సాగర్‌లో పడింది. ట్యాంక్‌బండ్ మీద షికారు చేస్తున్నవారు నిలువునా తడిసి, వాన కాబోలనుకుని గొడుగులు విప్పారు. మరి ఏనుగు? చీమ కుట్టినట్టయినా లేదు. ఏళ్లు గడిచినా ఆ మందు దానికి ఇంకా వదలలేదు. పొద్దున లేవగానే తన తొండం ఎక్కడుందో తనే వెతుక్కుంటుందట, పాపం. ఉమాకాంత్ సూది ఒకసారి ఎక్కిందంటే మాసయ్యా, మళ్లీ వదలడమన్నది చరిత్రలో లేదు."

ఆయన సాసరులోని చివరి గుక్క తాగారు. పైన నిజమైన రైలు ఒకటి వచ్చి, ఆగి, వెళ్లిపోయింది.

"సారూ," అన్నాడు మాసయ్య.

ఆ మాట గంట కొట్టినంత స్పష్టంగా ఉంది. పెదవులు రెండూ సమంగా కదిలాయి. అంతవరకూ అతని మూలుగులే విన్న మేము ముగ్గురమూ ఒక్కసారి అతని వైపు తిరిగాం. నాలుగో మనిషి, అంటే ఉమాకాంత్ గారు, సాసరు పట్టుకున్న చేతిని అలాగే ఉంచారు.

"నాకైతే వదిలింది సారూ. గుర్రం కాడనే వదలబట్టింది. చెప్పుదామంటె మాట్లాడొద్దంటిరి. మీ ఏనుగు పన్ను ఊడేటాళ్లకు నా పన్ను మళ్ల షురువైంది." అతను తువ్వాలును దవడ కిందుగా తెచ్చి నెత్తిన ముడివేసుకున్నాడు. "ఏనుగు కోసం షట్టర్ మొత్తం లేపిండ్రు. నాకంత అక్కెర లేదు. సగం లేపుండ్రి, వంగి వస్త. అక్కడ పిల్లగాండ్లు మంట కాడ డప్పులు కాపుకుంట నా కోసం చూస్తుంటరు. పొద్దుగూకకముందు ఒక్క పన్ను సారూ, గంతే."

రాములు నవ్వు ఆపుకోలేక పాలగిన్నె మీదికి వంగిపోయాడు. ఉమాకాంత్ గారు వెనుదిరిగి చూశారు. షట్టర్ నేల దాకా దిగి ఉంది. కరుణాకర్ తాళం చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎప్పుడు మూశావయ్యా?"

"మీ రైలు కదిలినప్పుడు సార్."

ఉమాకాంత్ గారు సాసరును బెంచీ మీద పెట్టి, లేచి, చొక్కా సవరించుకున్నారు. "తెరువు. మిషన్లు వెయ్యి. ఇంకొక సూది సిద్ధం చెయ్యి. అమ్మగారికి ఫోన్ చేసి, నాకోసం చూడకుండా భోజనం చేయమను." తరువాత మాసయ్య భుజం మీద చెయ్యి వేశారు. "పద మాసయ్యా. పొద్దుగూకకముందే నీ డప్పు దగ్గర నువ్వుంటావు. ఈసారి బయట కూర్చోబెట్టను. లోపలే కూర్చుందువు గాని. నీ పన్ను ఊడి ట్రేలో పడేదాకా నేను ఒక్క మాట మాట్లాడను."

మాసయ్య సగం లేచిన షట్టర్ కింద వంగుతూ ఆగి, మా వైపు చూశాడు.

ప్రహ్లాద్ గారు ఖాళీ గ్లాసు కింద పెట్టారు.

"ఏనుగునైతే నమ్మిన డాక్టర్ సాబ్," అన్నారు. "ఇదైతే నమ్మ."