ముట్టని చెయ్యి

నిజాం పాలన పోయిన కొత్తలో, తాండూరు పక్కన ఒక చిన్న దవాఖానాలో, జ్వరంతో పడుకున్న దొరసాని, అక్కడి నర్సు నర్సమ్మను మంచం దగ్గర నిలబెట్టి దబాయిస్తోంది. డాక్టరు ఇంకా రాలేదు.

"నా బంగారు గుండ్ల దండ నువ్వే తీసినవ్. డాక్టర్ సాబ్ రాంగనే చెప్త. నీ నౌకరి ఇయ్యాల్నే ఊడుతది."

"నేనెప్పుడు తీసిన్న దొరసానీ?"

"పొద్దుగాల నేను కన్ను మూసినప్పుడు. నీలాంటోళ్లకు గదే పని."

"దండ మెడలనే ఉండెనా?"

"మెడల గాకుంటె ఇంకెక్కడుంటది?"

"అయితె నేను మీ మెడ ముట్టిన్నన్నట్టు."

"ఛీ! నువ్వు నన్ను ముట్టుడేంది? నీ చేతి నీళ్లే తాగలేదు నేను. గోలీలు సుత ముట్టకుంట పైకెళ్లే నా చేతుల ఎయ్యమన్న."

"అవును, కోడికి గింజలేసినట్టే ఏస్తున్న. ముట్టకుంట మెడల దండ ఎట్ల తియ్యాలె? జర మీరే చెప్పుండ్రి."

"నోరు లేస్తున్నదే నీకు!"

"డాక్టర్ సాబ్ ముంగట గూడ గిదే అడుగుత. మీ అత్తమ్మ వరండలనే కూసున్నది. నర్సు ముట్టిందని ఇంటె మిమ్ముల వంటింట్లకు రానిస్తదా?"

"మెల్లగ మాట్లాడు! ఆమెకు చెవులు మస్తు పనిచేస్తయి."

"మరి డాక్టర్ సాబ్‌కు ఏం చెప్తరు?"

"ఏం చెప్ప. దండ ఇంట్లనే సందుగుల పెట్టి వచ్చిన్నేమో. ఇప్పుడు యాదికొస్తున్నది."

"మంచిది. గోలీల యాళ్ల అయింది, చెయ్యి సాపుండ్రి."

"పైకెళ్లి ఎయ్యి."

"పైకెళ్లే ఏస్త. మీ చెయ్యి ఇంకా జర కిందికి దించుండ్రి దొరసానీ. నాకు తగుల్తది."